గడప మీద ఎండ

నల్లచింతల అడవిలో రెండు కొండల నడుమ మంచుకోన అనే లోయ ఉంది. ఆ కోనలో ముళ్లపందులు, కుందేళ్లు, తాబేళ్లు, ఉడుతలు, అడవికోళ్లు కాపురం ఉండేవి. అక్కడ నీళ్లకు కొదవ లేదు, దుంపలకు కొదవ లేదు. కరువల్లా ఎండకే. సూర్యుడు మిట్టమధ్యాహ్నం ఒకసారి తొంగి చూసి, ఏదో పని గుర్తొచ్చినవాడిలా వెళ్లిపోయేవాడు. చలికాలంలో ఆ తొంగి చూడడం కూడా మానేసేవాడు.

ఆ కోనలో పిచ్చయ్య, నాంచారమ్మ అనే ముళ్లపంది దంపతులు ఉండేవాళ్లు. వయసులో ఉన్నప్పుడు పిచ్చయ్య దుంపలు తవ్వడంలో మొనగాడు. ఇప్పుడు అతనికి మోకాళ్లు పట్టేశాయి, నడుము పట్టేసింది. ఏళ్ల తరబడి చెమ్మనేల మీద పడుకుంటే ఎవరికైనా అంతే మరి.

రోజూ పొద్దున్నే అతన్ని లేపడం నాంచారమ్మకు పెద్ద పని. వెనక నుంచి నెడదామంటే ముళ్లు అడ్డం. అందుకని ముందు నిలబడి, రెండు చేతులూ పట్టుకుని లాగేది.

"నిన్ను లేపడం కంటే రాతినేలలో పెండలం తవ్వడం సుళువయ్యా!" అనేది ఆయాసపడుతూ.

"పెండలం అయితే తినడానికన్నా పనికొస్తుంది. నేను దానికీ పనికిరాను కదే," అనేవాడు పిచ్చయ్య.

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. తరవాత నాంచారమ్మ దుంపల కోసం బయటికి వెళ్లి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకునేది. నవ్వించే మొగుడు మంచం పడితే ఎంత దిగులుగా ఉంటుందో ఆమెకు తెలుసు. కిందటి చలికాలం అతను ఇరవై రోజులు లేవలేదు.

ఆ ఏడు వానలు వెనకపట్టగానే నాంచారమ్మ తాబేలు వైద్యుడు కూర్మయ్యను పిలుచుకొచ్చింది. ఆయన వచ్చేసరికి ఒక పూట పట్టింది. పిచ్చయ్య కాళ్లు నొక్కి చూసి, తల లోపలికి లాక్కుని చాలాసేపు ఆలోచించాడు.

"నా దగ్గరున్న పసర్లన్నీ అయిపోయాయమ్మా," అన్నాడు తల బయట పెట్టి. "ఇక వీడికి ఎండే మందు. పుష్యమాసం మంచు ఈ కోనలోనే గడిపితే కాళ్లు బిగుసుకుపోతాయి. మళ్లీ లేవడు."

పిచ్చయ్య తన కాళ్ల వంక చూసుకున్నాడు.

"ఎంత ఎండ కావాలి వైద్యుడుగారూ?" అని అడిగింది నాంచారమ్మ.

కూర్మయ్య ఆశ్చర్యపోయాడు. ఇన్నేళ్ల వైద్యంలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. "పొద్దుటి ఎండ. నడుముకూ మోకాళ్లకూ తగిలేలా రోజుకు ఒక జాము. అంతకు మించితే పైత్యం తప్ప లాభం లేదు," అన్నాడు.

ఎండ ఎక్కడుందో అడవిలో అందరికీ తెలుసు. కోనకు ఎగువన ఎండగట్టు ఉంది. అక్కడ సూర్యుడు పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఉంటాడు. చలికాలం కూడా బండలు వెచ్చగా ఉంటాయి. అందుకే దూరదూరపు అడవుల నుంచి కలిగినవాళ్లంతా వచ్చి అక్కడ చేరేవాళ్లు. వాళ్లు వచ్చిన కొద్దీ గట్టు మీద అద్దెలు కూడా పైకెక్కాయి.

ఆ గట్టు ఎలుగుబంటి బంగారమ్మది. గూళ్లూ గుహలూ ఆమెవే, చెట్ల కాపు కూడా ఆమెదే. ఆమె చెడ్డది కాదు గానీ, మాట అంటే మాటే. ఆమె పెట్టిన పద్ధతి ఒకటుంది. ఇల్లు పెద్దదా చిన్నదా అని చూడదు. గడప మీద ఎండ ఎంతసేపు నిలుస్తుందో దాన్నిబట్టి అద్దె. జాము ఎండకు నెలకు ఒక బుట్ట. దుంపలైనా సరే, ఉసిరికాయలైనా సరే. ఎండ కొలవడానికి లింగం అనే తొండ ఉండేవాడు. గడప దగ్గర కూర్చుని, తల ఆడిస్తూ, ఎండ ఎప్పుడు వచ్చిందీ ఎప్పుడు పోయిందీ చూసి చెప్పేవాడు. అంతకంటే పని లేదు, అయినా తీరిక లేనట్టే మాట్లాడేవాడు.

పిచ్చయ్య వైద్యం సంగతి కోనంతా తెలిసింది. అందరికంటే ముందు కుందేలు చలమయ్య పరుగెత్తుకొచ్చాడు. అతను పక్క పొదలోనే ఉండేవాడు. నాంచారమ్మను అక్కా అనీ, పిచ్చయ్యను బావా అనీ పిలిచేవాడు. మంచివాడే. కానీ కాస్త గొప్పలకు పోయే రకం. కోనలో తనకంటే ముందు ఎవరూ ఏదీ చేయకూడదనుకునేవాడు.

"అక్కా, మీరు ఎండగట్టుకు వెళ్తున్నారా? అయితే నేనూ వస్తా!" అన్నాడు.

"నీకేం జబ్బురా?" అన్నాడు పిచ్చయ్య.

"జబ్బుంటేనే ఎండ కావాలా బావా? మన కోనవాళ్లు చీకట్లో బతికేవాళ్లని గట్టు మీద చిలకలు ఎగతాళి చేస్తున్నాయి. వాళ్ల కళ్లముందే మనమూ ఎండలో కాళ్లు చాపుకుని కూర్చోవాలి!"

మంచుకోనలో పుట్టినవాళ్లకు ఒక బలహీనత ఉంది. ఎండ ఎరగరు కాబట్టి, అది ఎంత ఉంటే అంత మంచిదనుకుంటారు. చలమయ్య మర్నాడే గట్టెక్కి, బంగారమ్మను కలిసి, అన్నిటికంటే ఎత్తున ఉన్న పళ్లెంబండ మాట్లాడుకున్నాడు. దాని గడప మీద పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకే దాకా ఎండే. నాలుగు జాములు, నాలుగు బుట్టలు.

"కట్టగలవా నాయనా?" అని అడిగింది బంగారమ్మ.

"నా కాళ్లు చూశారా అమ్మగారూ? కోనలో ఇంత వేగంగా ఉసిరికాయలు ఏరేవాడు లేడు," అన్నాడు చలమయ్య. చలికాలానికి దాచుకున్న తిండంతా బయానాగా తెచ్చి ఇచ్చేశాడు. నడుమ ఖాళీ చేస్తే అది తిరిగి రాదని బంగారమ్మ చెప్పింది. చలమయ్య చెవులు నిక్కబొడుచుకుని ఉన్నా ఆ మాట సరిగా వినలేదు.

అతను కోన విడిచిన రోజు పెద్ద ఊరేగింపే జరిగింది. ఉడుతలు ముందు నడిచాయి. అడవికోళ్లు కూతలు పెట్టాయి. పిచ్చయ్య గుమ్మంలో కూర్చుని చూస్తూ, "మనం ఎప్పుడే?" అన్నాడు.

"తొందర పడకు. ముందు చూసొస్తాను," అంది నాంచారమ్మ.

ఆమె రెండు దుంపలు మూటగట్టుకుని గట్టెక్కింది. ఎవరినీ ఏమీ అడగలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక పొద పక్కన కూర్చుని, ఎండ ఎక్కడ పడుతోందో, ఎక్కడి నుంచి ఎక్కడికి జరుగుతోందో చూసింది. మర్నాడూ అలాగే చూసింది. తొండ లింగానికి అనుమానం వచ్చింది.

"ఏం చేస్తున్నావిక్కడ?"

"ఎండ చూస్తున్నా నాయనా."

"చూడడానికి అద్దె లేదు గానీ, కూర్చుంటే ఉంది," అన్నాడు లింగం.

గట్టు మొదట్లో, కోనకు దగ్గరగా, తూర్పు ముఖంగా ఒక ఇరుకు గూడు కనిపించింది. పొద్దుపొడవగానే దాని గడప మీద ఎండ పడేది. జాము తిరిగేసరికి పై బండ నీడ వచ్చి ఎండను కప్పేసేది. ఆ గూడు ఎన్నో ఏళ్లుగా ఖాళీగానే ఉంది. జాము ఎండ కోసం ఎండగట్టుకు రావడమేమిటని దాన్ని ఎవరూ తీసుకోలేదు.

నాంచారమ్మ ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. పిచ్చయ్య మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"ఇక్కడ మనకు మూడు గదుల బొరియ ఉంది. నా చేతులతో తవ్వుకున్నాను. అక్కడ ఇద్దరం ఒకేసారి పక్కకు తిరగలేం. పైగా గట్టు మొదట్లో! చలమయ్యేమో గట్టు కొమ్మున కూర్చుంటాడు. మనల్ని చూసి లోకం ఏమనుకుంటుంది?"

"లోకం మోకాళ్లు బాగానే ఉన్నాయి. నీవే బాగాలేవు," అంది నాంచారమ్మ.

పిచ్చయ్య మోకాళ్లు తడుముకున్నాడు. "అద్దె కట్టగలమా?" అని అడిగాడు. అదీ అసలు భయం. తవ్వేది నాంచారమ్మ ఒక్కతే. తెచ్చినదాంట్లో ఇద్దరూ తినగా పెద్దగా మిగిలేది కాదు.

"నాకూ తెలియదు. అందుకే నెల రోజులు ఇక్కడే ఉండి, అద్దె కట్టినట్టే కట్టి చూద్దాం," అంది నాంచారమ్మ.

అలాగే చేసింది. తెచ్చిన దుంపల్లో ముందు కొన్ని మూల బుట్టలో వేసేది. మిగిలినవే వండేది. మొదటి పది రోజులు పిచ్చయ్య ఆ బుట్ట వంక చూసి నిట్టూర్చేవాడు.

"ఇంకా వెళ్లని ఇంటికి ఇప్పటి నుంచే పస్తులుండడం నేనెక్కడా వినలేదే!"

"వెళ్లాక పస్తులుండడం కంటే నయం కదా. ఇక్కడైతే చాలకపోతే ఆ బుట్టలోంచే తీసుకోవచ్చు. అక్కడ తీసుకోనిస్తారా?"

ఒకటి రెండుసార్లు తీసుకోవాల్సి వచ్చింది కూడా. తరవాత నాంచారమ్మ దారి పక్కన పెరిగే చేమాకు కోసుకురావడం మొదలుపెట్టింది. మునుపు ఆమె దాన్ని తొక్కుకుంటూ వెళ్లిపోయేది. పిచ్చయ్య కూర్చున్నచోటే వేళ్లు శుభ్రం చేసి, తొక్కలు వృథా కాకుండా చూశాడు. నెల తిరిగేసరికి బుట్ట నిండింది. ఇద్దరూ కాస్త చిక్కారు, అంతే. ఆ బుట్టే మొదటి నెల అద్దె అయింది.

కార్తీకం చివర్లో వాళ్లు ఇల్లు మారారు. ఊరేగింపేమీ జరగలేదు. మూడు గదుల సామాను ఇరుకు గూట్లో పట్టదు కనుక ముసలి ఉడుతకు కొంత, అడవికోళ్లకు కొంత పంచిపెట్టారు. పిచ్చయ్య నాలుగడుగులు నడిచేవాడు, ఒకసారి కూర్చునేవాడు. కూతవేటు దారికి రోజంతా పట్టింది. వెనక్కి తిరిగి తన బొరియను చూసుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాంచారమ్మ తొందర చేయలేదు. చూసుకోనిచ్చింది.

మర్నాడు పొద్దుపొడవగానే ఎండ వచ్చి గడప మీద పడింది. పిచ్చయ్య దానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఎలా ఉందయ్యా?" అంది నాంచారమ్మ.

"ఎవరో చేత్తో నిమురుతున్నట్టుందే. నా ముళ్లకు భయపడకుండా," అన్నాడు.

ఆ రోజు నుంచి జాము ఎండ పోయేదాకా నాంచారమ్మ అతని పక్కనే కూర్చునేది. కబుర్లు చెప్పుకునేవాళ్లు, పోట్లాడుకునేవాళ్లు. నీడ రాగానే ఆమె లేచి పనికి వెళ్లేది. కోన దగ్గరే కనుక సాయంత్రానికి సరిపడా తవ్వుకుని వచ్చేసేది.

పుష్యం వచ్చింది. కిందనున్న కోనలో మంచు పాలమీగడలా పేరుకుంది. పిచ్చయ్య మంచం పట్టలేదు. ఒకరోజు తనంతట తానే లేచి నిలబడ్డాడు. నాంచారమ్మ చేతులు చాపి ఉంచింది గానీ అతను పట్టుకోలేదు.

"ఇక నన్ను లేపే పని లేదు నీకు," అన్నాడు గర్వంగా.

"హమ్మయ్య, పెండలాలు చూసుకుంటాను," అంది నాంచారమ్మ. అని, ఈసారి దాచుకోకుండా అతని ముందే ఏడ్చేసింది.

నడక వచ్చాక పిచ్చయ్యకు చలమయ్యను చూడాలనిపించింది. తాము వచ్చి రెండు నెలలైనా బావమరిది ఒక్కసారీ గుమ్మంలోకి రాలేదు. నాంచారమ్మకు కోన దారిలో రెండు మూడుసార్లు ఎదురుపడ్డాడట. "ఎండ బ్రహ్మాండం అక్కా!" అని ఆగకుండా పరుగెత్తాడట.

ఒకరోజు ఎండ గడప దిగిపోగానే పిచ్చయ్య ఒక ఉడికించిన దుంప చేతబట్టుకుని మెల్లగా గట్టెక్కాడు. పళ్లెంబండ నిజంగానే బంగారంలా మెరుస్తోంది. కానీ దాని మీద చలమయ్య లేడు. తొండ లింగం వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"మా బావమరిది ఏడి?"

"ఎవరు, చలమయ్యా? అద్దె సంపాదించడానికి వెళ్లాడు," అన్నాడు లింగం కళ్లు తెరవకుండా.

"ఎప్పుడొస్తాడు?"

"పొద్దుగూకాక వస్తాడు. పొద్దుపొడవక ముందే వెళ్తాడు. ఎండ మాత్రం పగలంతా ఇక్కడే ఉంటుంది. చాలా మంచి ఎండ. కూర్చోండి, కట్టేవాడు ఎలాగూ లేడు."

పిచ్చయ్య మనసు కలుక్కుమంది. అతను కూర్చోలేదు. పక్కనున్న చెట్టు నీడకు వెళ్లి ఎదురుచూశాడు.

సూర్యుడు కొండ వెనక్కి దిగాక, దారిలో ఒక బుట్ట కదులుతూ వచ్చింది. బుట్ట కింద చలమయ్య ఉన్నాడు. బొచ్చంతా మంచుకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. డొక్కలు లోపలికి పోయాయి. ముక్కు కారుతోంది. పిచ్చయ్యను చూడగానే నవ్వబోయి, దగ్గు వచ్చి కూలబడ్డాడు.

"బావా! ఎండ ఎలా ఉంది? మా బండ చూశావా?"

"చూశాన్రా. నువ్వు చూశావా?" అన్నాడు పిచ్చయ్య.

చలమయ్య బండ మీద చెయ్యి పెట్టాడు. అది అప్పుడే చల్లబడిపోతోంది.

"లేదు బావా," అన్నాడు. "వచ్చి మూడు నెలలు దాటింది. ఈ బండ మీద ఎండ నేనింతవరకు చూడలేదు. నాలుగు బుట్టలు నిండాలంటే పగలంతా కోనలో చీకట్లోనే ఏరాలి. అక్కడున్నప్పుడు మధ్యాహ్నం పూటైనా కాస్త ఎండ మొహం చూసేవాణ్ని. ఇక్కడికి వచ్చాక చలి ముదిరేదాకా ఆ వేళ కూడా తల దించుకుని ఏరుతూనే ఉన్నాను. వెనక్కి వెళ్దామంటే, అంత ఊరేగింపుగా వచ్చి ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

పిచ్చయ్య అతన్ని ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. తనకూ ఆ కొమ్మున కూర్చోవాలన్న ఆశ పుట్టింది కదా! నాంచారమ్మ లేకపోతే తను కూడా అంతే అయ్యేవాడు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

"ముందు ఈ దుంప తిను," అన్నాడు. "తిని, నాతో రా."

చలమయ్య బంగారమ్మ దగ్గరికి వెళ్లి బండ ఖాళీ చేస్తున్నానని చెప్పాడు. ఆమె అతని వాలకం చూసి జాలిపడింది. ఆ రోజు బుట్ట అడుగున తెచ్చిన గుప్పెడు ఉసిరికాయలు అతన్నే ఉంచుకోమంది. కానీ బయానా మాత్రం తిరిగి ఇవ్వలేదు. చలికాలపు తిండంతా అలా పోయింది. చలమయ్య అడగనూ లేదు.

ఇరుకు గూట్లో ముగ్గురు పడుకోవడం అంటే ఆషామాషీ కాదు. అందులో ఇద్దరు ముళ్లపందులు! చలమయ్య ఊపిరి బిగబట్టి గోడకు అంటుకున్నాడు. అయినా ఒకటి రెండు ముళ్లు గుచ్చుకున్నాయి.

"అమ్మా!"

"కదలకురా, నేను తిరుగుతున్నా," అన్నాడు పిచ్చయ్య.

"తిరగక్కర్లేదు. ఇద్దరూ నోరు మూసుకుని పడుకోండి," అంది నాంచారమ్మ.

ఇంకా వెలుగు రాకముందే అలవాటు కొద్దీ చలమయ్య లేచాడు. బుట్ట తలకెత్తుకుని గడప దాటబోయాడు.

"ఎక్కడికిరా?" అంది నాంచారమ్మ.

"పనికి అక్కా. ఊరికే మీ ఇంట్లో తిని కూర్చోలేను. నా వంతు అద్దె నేను సంపాదిస్తాను."

"సంపాదిద్దువు గాని. నీడ వచ్చాక నాతో పాటే వద్దువు. ఇప్పుడు బుట్ట దించు."

"ఎందుకు?"

"ఎండ గడప మీద ఉన్నంతసేపు ఈ ఇంట్లో ఎవరూ పనికి వెళ్లరు. అద్దె కట్టేదే దానికి!"

చలమయ్య బుట్ట దించాడు. ముగ్గురూ గడప మీద వరసగా కూర్చున్నారు. తూర్పు కొండ మీద సూర్యుడు తల ఎత్తాడు. ఎండ మొదట బండ మీద పడింది, తరవాత గడప మీద పడింది, ఆ తరవాత చలమయ్య పాదాల మీద, పొట్ట మీద, తడిసిన చెవుల మీద పడింది. మూడు నెలల నుంచి నాలుగు జాముల ఎండకు అద్దె కట్టినవాడు మొదటిసారి ఎండలో కూర్చున్నాడు. చెవులు రెండూ మెల్లగా వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు.

తొండ లింగం వచ్చి గడప పక్కన కూర్చుని, తల ఆడిస్తూ, "జాము ఎండకు ముగ్గురా?" అన్నాడు.

"అవును నాయనా. ఇంకా మిగులుతోంది, నువ్వూ కూర్చో," అంది నాంచారమ్మ.

నీతి: ఏ సుఖం కోసం ఖరీదైన చోటికి వెళ్తామో, ఆ సుఖాన్ని అనుభవించే తీరిక మిగిలేలా మన ఖర్చు ఉండాలి; తమకు ఎంత అవసరమో తెలుసుకున్నవారికి చిన్న సంపాదనతో కూడా వెచ్చగా బతకడం సాధ్యమే.